ఫ్రీ ఫైర్‌లో లిమిటెడ్ ఐటెమ్స్: 9 డైమండ్ల స్పిన్ అసలు ఖరీదు ఎంత?

పోయిన వీడియో ఫోన్ స్టోరేజ్ మీద చేశాం కదా. దాని కింద ఒక తమ్ముడు స్టోరేజ్‌తో ఏ సంబంధం లేని ప్రశ్న ఒకటి పెట్టాడు. చదువుతాను వినండి. "అన్నా, నేను ఇంటర్ సెకండియర్. పండక్కి మా మామయ్య ఇచ్చిన 800 రూపాయలు ఉన్నాయి. ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో ఫేడెడ్ వీల్‌లో ఒక బండిల్ వచ్చింది, ఎవో గన్ ఈవెంట్ నడుస్తోంది, షాప్‌లో గ్లూ వాల్ స్కిన్ ఉంది. వీల్ రేపటితో అయిపోతుంది. ఏది తీసుకోమంటావు?"

దానికి కింద పదిహేను మంది రిప్లై ఇచ్చారు. సగం మంది "ఏదీ కొనకు, చదువుకో" అన్నారు, మిగతా సగం "వీల్ కొట్టు బ్రో, 9 డైమండ్లకే వచ్చేస్తుంది" అన్నారు. మొదటి సగాన్ని నేనేమీ అనను. మీ ఇంట్లో వాళ్లు ఆ మాట ఎలాగూ చెబుతారు, నా దగ్గరికి వచ్చి వినక్కర్లేదు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ రెండో సగం. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు వీల్ లెక్క చూద్దాం. ఫ్రీ ఫైర్ ఆడేవాళ్లకి తెలుసు, ఆడనివాళ్ల కోసం ఒక్క ముక్కలో చెబుతా. ఫేడెడ్ వీల్‌లో పది ఐటెమ్స్ ఉంటాయి. మనకి వద్దనుకున్న రెండింటిని మనమే తీసేయాలి. మిగిలిన ఎనిమిదిలోంచి స్పిన్‌కి ఒకటి వస్తుంది, వచ్చింది మళ్లీ రాదు. ప్రతి స్పిన్‌కీ రేటు పెరుగుతుంది. మామూలుగా కనిపించే వరస ఇది: 9, 19, 39, 69, 99, 149, 199, 499. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి కూడండి. 1082 వస్తుంది.

ఇప్పుడు డైమండ్ ప్యాక్‌లు చూడండి. 100, 310, 520, 1060, 2180, 5600. మన దగ్గర చాలాకాలంగా చూస్తున్న రేట్లలో 1060 ప్యాక్ 800 రూపాయలు, 100 ప్యాక్ 80 రూపాయలు. రేట్లు, బోనస్‌లు మారుతుంటాయి, మీ స్క్రీన్ మీద ఉన్నదే లెక్క. కానీ మన తమ్ముడి 800కి ఏమవుతుందో చూడండి. 1060 డైమండ్లు కొన్నాడు. ఏడు స్పిన్లు తిప్పాడు, బండిల్ రాలేదు. ఏడు స్పిన్లకి 583 అయిపోయాయి. చేతిలో 477 మిగిలాయి. ఎనిమిదో స్పిన్ 499. అక్కడ ఇక లక్‌తో పనే లేదు, వీల్‌లో మిగిలింది బండిల్ ఒక్కటే, తిప్పితే వచ్చి తీరుతుంది. తక్కువైంది 22 డైమండ్లు. 22 డైమండ్ల ప్యాక్ ఉండదు కదా, 100 ప్యాక్ కొనాలి. ఇంకో 80 రూపాయలు.

ఆ 22 కావాలని పెట్టారా, అలా కుదిరిందా అన్నది నేను చెప్పలేను. కానీ గుమ్మం దాకా తీసుకొచ్చి 22 తక్కువని చెబితే పదిహేడేళ్ల కుర్రాడు వెనక్కి వెళ్తాడా? వెళ్లడు. అమ్మ ఫోన్ వైపు చూస్తాడు.

"అన్నా, చివరి దాకా ఎందుకు వెళ్తుంది, రెండో స్పిన్‌కే వచ్చినవాళ్లు లేరా?" అంటారు. ఉన్నారు, వాళ్లే స్క్రీన్‌షాట్ స్టేటస్‌లో పెడతారు. ఎనిమిదో స్పిన్‌కి వచ్చినవాడు స్టేటస్ పెట్టడు కదా. సరే, ఒక లెక్క వేద్దాం. ఎనిమిది ఐటెమ్స్‌కీ సమానంగా ఛాన్స్ ఉందనుకోండి. అప్పుడు సగం మందికి నాలుగు స్పిన్లలోపే, అంటే 136 డైమండ్లలోపే బండిల్ వచ్చేయాలి. సగటు ఖర్చు 315 చిల్లర. కంపెనీ ఇంత చవగ్గా ఇస్తుందా? ఇవ్వదు. అందుకే ఛాన్స్ సమానంగా ఉండదు. గ్రాండ్ ప్రైజ్‌కి వెయిట్ తక్కువ పెడతారు. అది రహస్యం కూడా కాదు, ఇలాంటి స్పిన్లలో ఏది ఎంత శాతమో చూపించాలని ఆపిల్ 2017 డిసెంబర్‌లో, గూగుల్ ప్లే 2019లో రూల్ పెట్టాయి. ఈవెంట్ పేజీలో మూల చిన్న ప్రశ్నార్థకమో ఆశ్చర్యార్థకమో ఉంటుంది. దాన్ని నొక్కండి. నాకు తెలిసి స్పిన్ బటన్ నొక్కేవాళ్లలో దాన్ని నొక్కేవాళ్లు చాలా తక్కువ.

ఇందులో అసలు తెలివి ఎక్కడుందంటే, మధ్యలో ఆగి ఆలోచిస్తే కొనసాగించడమే కరెక్ట్ అనిపిస్తుంది. ఏడు స్పిన్లు అయిపోయాక, పోయిన 583ని పక్కన పెట్టి చూస్తే, 499కి గ్యారంటీగా బండిల్ వస్తోంది. అది మంచి డీల్‌లాగే ఉంటుంది. ఆరో స్పిన్ దగ్గర కూడా దాదాపు అంతే. అంటే వీల్ మధ్యలో మీ బుర్ర తప్పేమీ చేయదు, ప్రతి మెట్టు దగ్గరా లాజిక్కే మాట్లాడుతుంది. కాబట్టి అక్కడ తీసుకునే నిర్ణయానికి విలువ లేదు. 9 డైమండ్ల బటన్ నొక్కకముందే అడగాలి: ఈ బండిల్ షాప్‌లో 1082 డైమండ్లు అని ధర చీటీ కట్టి పెడితే కొంటానా? కొంటానంటే తిప్పండి, ముందే వస్తే పండగ. కొనను అంటే ఆ 9 కూడా వద్దు.

ఫేడెడ్ వీల్‌ని ఇంతసేపు తిట్టినా, ఒకటి ఒప్పుకోవాలి. దానికి అడుగు ఉంది. ఎంత చెడ్డ లక్ అయినా 1082 దాటదు. గెన్షిన్ ఇంపాక్ట్ ఆడేవాళ్లకి కూడా అడుగు తెలుసు. అక్కడ ఫైవ్ స్టార్ మామూలు ఛాన్స్ 0.6 శాతం, కానీ 90వ విష్‌కి గ్యారంటీ. అయితే ఆ వచ్చిన ఫైవ్ స్టార్ మనకి కావాల్సిన క్యారెక్టరే అవ్వాలని లేదు. వేరేది వస్తే, తర్వాతిది మాత్రం కచ్చితంగా మనదే. అంటే బాగా చెడ్డ కేసు 180 విష్‌లు. విష్‌కి 160 ప్రైమోజెమ్స్, మొత్తం 28,800. పెద్ద నంబరే, కానీ నంబర్ అంటూ ఉంది.

అడుగు లేనివి వేరే. గ్యారంటీ రాయని క్రేట్‌లో 1 శాతం ఛాన్స్ అని ఉంటే, "100 క్రేట్లు తెరిస్తే ఒకటి వస్తుంది" అని చాలామంది అనుకుంటారు. 100 తెరిచిన వాళ్లలో దాదాపు 63 శాతం మందికే వస్తుంది. మిగతా 37 మందికి సున్నా. వాళ్లు 101వది తెరిచినా ఛాన్స్ అదే 1 శాతం. "ఇన్ని తెరిచా, ఇక వచ్చేస్తుంది" అన్న మాట ఫేడెడ్ వీల్‌లో నిజం, ఎందుకంటే అక్కడ ఐటెమ్స్ తగ్గిపోతుంటాయి. క్రేట్‌లో అది అబద్ధం. క్రేట్‌కి మీరెవరో, ఇంతకు ముందు ఎంత పోశారో గుర్తుండదు. కాబట్టి గ్యారంటీ లైన్ గానీ, టోకెన్లు పోగేసి మార్చుకునే దారి గానీ లేని ఈవెంట్ అయితే, నా ఓటు ఎప్పుడూ వద్దనే. ఐటెమ్ ఎంత బాగున్నా సరే.

ఇక ఎవో గన్. దీని గురించి త్వరగా చెప్పేస్తా. గన్ రావడం ఖర్చులో మొదటి భాగమే. వీడియోల్లో మీరు చూసి మురిసిపోయే కిల్ ఎఫెక్టూ ఆ ఎమోటూ పై లెవెల్స్‌లో తెరుచుకుంటాయి, లెవెల్ పెంచడానికి ఆ గన్ టోకెన్లు వేరేగా కావాలి. 800తో లెవెల్ 1 గన్ వచ్చిందనుకుందాం, తర్వాత ఆరు నెలలు దాన్ని చూసినప్పుడల్లా సగం కట్టిన ఇల్లు చూసినట్టుంటుంది. పైగా కోబ్రా ఎంపీ40 లాంటి పేరున్న ఎవో గన్లు ఒకసారి వచ్చి మాయమైపోలేదు, తర్వాత మళ్లీ తిరిగొచ్చాయి.

ఆ తిరిగి రావడం గురించే ఇప్పుడు మాట్లాడాలి. "రేపటితో అయిపోతుంది" అన్నాడు కదా తమ్ముడు. నేను యూట్యూబ్‌లోకి రాకముందు ఉద్యోగంలో ఒక షాపింగ్ యాప్ ఆఫర్ల పేజీ మీద పనిచేశాను. ఆఫర్ ఎండ్ డేట్ అనేది డేటాబేస్‌లో ఒక గడి. స్క్రీన్ మీద ఎర్రగా పరిగెత్తే టైమర్ ఆ గడిలోంచి ఇప్పటి టైమ్ తీసేసి చూపిస్తుంది, అంతే. గోడౌన్‌లో చీర అయిపోతే మళ్లీ నేయాలి. బండిల్‌కి గోడౌన్ లేదు. దాన్ని మళ్లీ అమ్మాలంటే ఒక కొత్త తారీఖు వేస్తే చాలు. క్రిమినల్ బండిల్ ఎంత అరుదని చెప్పుకునేవాళ్లో గుర్తుందా? అది కూడా తిరిగొచ్చింది.

అయితే అన్నీ ఒకటి కాదు. ఒక ఐటెమ్ తిరిగి వస్తుందా లేదా అన్నది నేను మూడు రకాలుగా చూస్తాను. గేమ్ వాళ్లు సొంతంగా గీసుకున్న బండిల్స్, గన్ స్కిన్స్ తిరిగి రావడానికి అడ్డేమీ లేదు, డబ్బులొస్తాయంటే తెస్తారు. వేరే కంపెనీతో కలిసి చేసినవి, అంటే 2025 జనవరిలో వచ్చిన నరుటో ఐటెమ్స్ లాంటివి, తిరిగి రావాలంటే ఇద్దరూ మళ్లీ సంతకం పెట్టాలి. కాబట్టి మీకు నిజంగా నరుటో అంటే ప్రాణం అయితే, టైమర్‌ని కొంచెం సీరియస్‌గా తీసుకోండి. మూడోది పాత పాస్ ఐటెమ్స్, 2018 నాటి మొదటి ఎలీట్ పాస్ సకురా బండిల్ లాంటివి. వాటికి విలువ వచ్చిందే పాతబడటం వల్ల. అది కొనేటప్పుడు ఎవరికీ తెలియదు, ముందే ఊహించి కొనలేం.

ఇక్కడ ఒకరు కచ్చితంగా అంటారు: "అన్నా, సకురా ఐడీకి ఇప్పుడు బయట ఎంత రేటో తెలుసా? ఇది ఇన్వెస్ట్‌మెంట్." కాదు. ఐడీ అమ్మడం గేమ్ రూల్స్‌కే విరుద్ధం, పట్టుబడితే అకౌంట్ పోతుంది. పైగా అమ్మినవాడు పాత మెయిల్‌తో రికవరీ పెట్టి ఐడీ వెనక్కి లాక్కుంటే, కొన్నవాడు ఎవరికి చెప్పుకుంటాడు? ఆ ఐటెమ్ మీ వస్తువు కాదు, వాడుకోడానికి ఇచ్చిన పర్మిషన్. మన దేశంలో ఇది చూశాం కూడా. 2020 సెప్టెంబర్ 2న పబ్జీ మొబైల్ బ్యాన్ అయింది. గ్లేసియర్ ఎం416 కోసం వేలు పోసినవాళ్లు నెలల తరబడి ఖాళీ చేతులతో కూర్చున్నారు. 2021 జులైలో బీజీఎంఐ వచ్చాక పాత ఐటెమ్స్ తెచ్చుకునే అవకాశం ఇచ్చారు, ఆ ఏడాది డిసెంబర్ 31 దాకా. ఆ తర్వాత 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ వంతు. అప్పటికే మ్యాక్స్ ఉంది, అదే ఐడీతో అందులోకి వెళ్లొచ్చు కాబట్టి జనం గట్టెక్కారు. అదే ఏడాది జులైలో బీజీఎంఐ కూడా స్టోర్లలోంచి పోయి, 2023 మేలో తిరిగొచ్చింది. కాబట్టి ఈ గేమ్ ఇంకో ఏడాది ఆడతానన్న లెక్కతోనే కొనండి, పదేళ్లు దాచుకునే నగలాగా కాదు. అన్నట్టు గెస్ట్ అకౌంట్‌లో ఆడేవాళ్లు ఎవరైనా ఉంటే, ఏదైనా కొనే ముందు దాన్ని గూగుల్‌కో ఫేస్‌బుక్‌కో బైండ్ చేయండి. ఫోన్ రీసెట్ అయితే గెస్ట్ ఐడీ పోయినట్టే.

సరే, మరి తమ్ముడి 800? నా సమాధానం గ్లూ వాల్.

నవ్వకండి. బండిల్ వేసుకుంటే గేమ్‌లో మీకు కనిపించేది మీ వీపు. ముందు వైపు ఆ డ్రాగన్ డిజైన్, ఆ మాస్క్, అదంతా లాబీలో చూసుకోవాలి, లేదా మిమ్మల్ని చంపినవాడు చూస్తాడు. గ్లూ వాల్ అలా కాదు. క్లాష్ స్క్వాడ్ మ్యాచ్‌లో ఎన్నిసార్లు వేస్తారో లెక్కపెట్టండి. వేసిన ప్రతిసారీ మీ ముఖం ముందు నిలబడుతుంది. షాప్‌లో ధర రాసి ఉంది, స్పిన్ లేదు, ఆ ధర కట్టాక మిగిలిన డైమండ్లు అకౌంట్‌లోనే ఉంటాయి. నేను ప్రతి ఐటెమ్‌కీ ఇదే అడుగుతాను: రోజూ ఆడే మ్యాచ్‌లో ఇది ఎన్నిసార్లు కంటపడుతుంది?

గన్ స్కిన్ అయితే ఇంకో సంగతి ఉంది. బీజీఎంఐలో స్కిన్ అంటే రంగు మాత్రమే. ఫ్రీ ఫైర్‌లో గన్ స్కిన్‌కి గుణాలు ఉంటాయి, ఒకటి పెంచి ఇంకొకటి తగ్గిస్తాయి. డ్యామేజ్ పెరిగి రీలోడ్ నెమ్మదించొచ్చు. మీరు రోజూ పట్టుకునే గన్‌కి, మీ ఆటకి సరిపడే స్కిన్ అయితే అది పనికొచ్చే కొనుగోలే. మీరు ముట్టుకోని స్నైపర్‌కి ఎంత మెరిసే స్కిన్ అయినా గోడ మీద క్యాలెండర్. ఫ్రెండ్స్‌తో కస్టమ్ రూమ్‌లు ఎక్కువ ఆడేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోండి, అక్కడ గన్ గుణాల్ని ఆఫ్ చేసే ఆప్షన్ ఉంటుంది. ఆఫ్ చేస్తే మీ స్కిన్ కూడా రంగే.

ఇంకొకటి, మిస్టరీ షాప్ వచ్చినప్పుడు నాకు మెసేజ్‌లు మొదలవుతాయి, "అన్నా 80 శాతం డిస్కౌంట్ పడింది" అని. బాగుంది. కానీ నిన్నటిదాకా మీరు కావాలని అనుకోని ఐటెమ్ మీద 80 శాతం తగ్గితే, మిగిలిన 20 శాతం మీ జేబులోంచే పోతుంది. డిస్కౌంట్ చూసి లిస్ట్ రాయకండి. లిస్ట్ ముందే రాసుకుని, అందులోది డిస్కౌంట్‌లో పడితే తీసుకోండి. ఫోన్ నోట్స్‌లో మూడు లైన్లు చాలు.

చివరగా ఫోన్ సెట్టింగ్స్. అమ్మానాన్నల ఫోన్‌లో ఆడేవాళ్లు ఇది వాళ్లకే చూపించండి. ప్లే స్టోర్‌లో మీ ఫొటో నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్తే, ప్రతి కొనుగోలుకీ వెరిఫికేషన్ అడగమనే ఆప్షన్ ఉంటుంది. అది ఆన్‌లో ఉండాలి. పేమెంట్స్ దగ్గర నెలకి బడ్జెట్ పెట్టుకునే చోటు కూడా ఉంది. కానీ ఒకటి తెలుసుకోండి, బడ్జెట్ దాటుతున్నారని అది చెబుతుంది గానీ ఆపదు. ఆపేది ఆ వెరిఫికేషనే. బటన్ పొరపాటున నొక్కడం చిన్న విషయం అనుకోకండి. ఫోర్ట్‌నైట్‌లో బటన్ల డిజైన్ వల్ల జనం అనుకోకుండా కొనేశారన్న కేసులో, 2022 డిసెంబర్‌లో ఎపిక్ గేమ్స్ అమెరికాలో 24.5 కోట్ల డాలర్లు వెనక్కి ఇవ్వడానికి ఒప్పుకుంది.

ఇప్పుడు మీ పని. ఫేడెడ్ వీల్ తిప్పినవాళ్లు కింద కామెంట్‌లో ఒక్క నంబర్ రాయండి, గ్రాండ్ ప్రైజ్ ఎన్నో స్పిన్‌కి వచ్చింది అని. రెండో స్పిన్ వాళ్లే కాదు, ఎనిమిదో స్పిన్ వాళ్లు కూడా సిగ్గుపడకుండా రాయండి. కొన్ని వందలు పోగైతే వచ్చే ఎపిసోడ్‌లో షీట్‌లో వేసి, స్క్రీన్ మీద గ్రాఫ్ చూపిస్తాను. తమ్ముడూ, నువ్వు ఏది కొన్నావో కూడా రాయి.