పనిలో గాయపడినవారికి నష్టపరిహారము
(నెల్లూరు తీర గ్రామముల పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగము)



ఇసకపల్లి ఉప్పు కొఠారులు మొదలు కృష్ణపట్నము ఓడరేవు వరకు మన తీరమున రెక్కాడినగాని డొక్కాడని కుటుంబములు పెక్కు గలవు. పనిలో ప్రాణము పోయినపుడు యజమాని ఎంతో కొంత ముట్టజెప్పుట, రచ్చబండకడ కాగితముపై వ్రేలిముద్ర వేయించుకొనుట పలుచోట్ల వాడుక. దానిని గూర్చియే మేము మనవి చేయ వచ్చితిమి.

నష్టపరిహారము దయాధర్మము కాదు; హక్కు. నెల్లూరు జిల్లా మదరాసు రాజధానిలో నుండగనే, 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టము 1924 జూలై 1న అమలులోనికి వచ్చెను. ఆ ఏర్పాటు నేడు 2020 సామాజిక భద్రతా స్మృతిలో చేరి, 2025 నవంబరు 21 నుండి నడచుచున్నది.

కొలత దేశమంతటను ఒక్కటే. మరణించినచో నెల వేతనములో సగమును, శాశ్వతముగ పూర్తి అశక్తుడైనచో 60 శాతమును, వయస్సునుబట్టి పట్టికలో నున్న సంఖ్యతో హెచ్చవేయవలెను. 40 ఏండ్లవానికి ఆ సంఖ్య 184.17. నెలకు 10,000 రూపాయలు గడించు అట్టివాడు మరణించినచో కుటుంబమునకు 9,20,850 రూపాయలు రావలెను. బొటనవ్రేలు పోయినచో అది 30 శాతము నష్టము గనుక 3,31,506 రూపాయలు. రచ్చబండకడ చేతిలో పెట్టు సొమ్ముతో దీనిని పోల్చి చూడుడు.

మరణమైనపుడు యజమాని సొమ్మును అధికారికడ జమకట్టవలెను. కుటుంబమునకు చాటుగ ఇచ్చి చేతులు దులుపుకొనరాదు. హక్కు వదలుకొంటినని వ్రాయించుకొన్న పత్రము చెల్లదు. కంట్రాక్టరు క్రింద పనిచేసినను అసలు యజమాని బాధ్యత తొలగదు. స్థానిక సంస్థల విధినిర్వహణమును సయితము 1923 చట్టము వ్యాపారముగనే లెక్కించినది. కావున వీధిదీపపు స్తంభమెక్కించు పంచాయతీయు తాను యజమానినని మరువరాదు.

మీరు చేయవలసినది స్వల్పము. ప్రమాదము జరిగిన దినమే తేదీ, స్థలము, యజమాని పేరు, చూచినవారి పేర్లు వ్రాయించుడు. ఆసుపత్రి కాగితములు, వేతనపు ఆధారములు భద్రపరపించుడు. యజమానికి వెంటనే లిఖితముగ తెలియజేయించి, కార్మిక శాఖ అధికారికి అర్జీ పెట్టించుడు. పాత చట్టము రెండేండ్ల గడువు పెట్టినది. అంతదాక ఆగుటయే ప్రమాదము. చూచినవారు ఊరు విడిచిపోవుదురు, కాగితములు చెదరిపోవును.

చదువురాని వితంతువు మీ గడప త్రొక్కినపుడు రాజీ మాట ఎత్తక మునుపు లెక్క వేసి చూపుడు. ఆమెకు మీరు చేయగల మేలు అదియే.