దుంప ఇంటికి, తల మట్టికి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో గిరిజన బాలికల వసతి గృహం తరఫున వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దున్నుంచి పెద్దలు మన భాష గురించి, థింసా గురించి, భూమి హక్కుల గురించి చెప్పారు. మేము హాస్టల్ వాళ్లం. మాకు బాగా తెలిసినవి పిల్లలు, పొయ్యి, పెరడు. అందుకని మేము అడవి దుంప గురించి మాట్లాడతాం. దుంప మాట ఎత్తగానే వెనక వరుసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు గురించే మొదట చెప్పాలి. ఒకప్పుడు మేమూ అలాగే నవ్వాం.

కొన్నేళ్ల క్రితం సంక్రాంతి సెలవులయ్యాక ఒక అవ్వ తన మనవరాలిని హాస్టల్లో దింపడానికి వచ్చింది. చేతిలో అడ్డాకుల పొట్లం. అందులో ఉడకబెట్టిన దుంపలు. బయటి తిండి లోపలికి రానివ్వకూడదని మాకు నియమం ఉంది. వందల మంది పిల్లలున్న చోట ఒక్కరికి వాంతులైనా మాకు నిద్ర ఉండదు, కాబట్టి ఆ నియమం తప్పు కాదు. కానీ మేము నియమం చెప్పి ఊరుకోలేదు. "ఇక్కడ అన్నం, గుడ్డు పెడుతున్నాం కదా అవ్వా, ఇంకా ఈ దుంపలెందుకు?" అన్నాం. పిల్లలంతా నవ్వారు. మనవరాలు తల దించుకుని అవ్వ వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. అవ్వ గేటు బయట చింతచెట్టు కింద కూర్చుని ఆ పొట్లం విప్పి ఒక్కతే తిని, ఆకులు మడిచి సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

ఆ రోజు మాకేమీ అనిపించలేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాం.

ఆ ఏడాదే వానాకాలంలో వంటగది వెనక, నీళ్లు పారబోసే చోట ఒక తీగ మొలిచి కంచె మీదికి పాకింది. శుభ్రత కార్యక్రమం రోజు పిల్లలతో కలిసి మేమే దాన్ని పిచ్చితీగ అని పీకేశాం. వంట అక్క చూసి నెత్తి కొట్టుకుంది. "సంతలో కొన్న పెండలం తల కోసి పారేశాను, అదే మొలిచింది. తినే తీగను పీకేశారేంటమ్మా" అంది. అక్కడున్న పిల్లలందరూ కొండ ఊళ్ల వాళ్లే. మేమూ కొండ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లమే. ఒక్కరం గుర్తుపట్టలేదు. పదో తరగతి పిల్లలు బంగాళాదుంప కాండమా వేరా అన్న ప్రశ్నకు తడుముకోకుండా జవాబు రాస్తారు. కంచె మీద పాకిన తమ సొంత దుంప తీగ మాత్రం వాళ్లకు తెలియదు.

ఐదో ఏట, ఆరో ఏట పిల్లలు మా దగ్గరికి వస్తారు. దుంపలు తవ్వే పుష్యమాసంలో వాళ్లు బడిలో ఉంటారు. వేసవి సెలవులకు ఇంటికి వెళ్లేసరికి తీగ ఎండి రాలిపోయి ఉంటుంది. అవ్వ తవ్వేటప్పుడు పక్కన కూర్చునే అవకాశం పదేళ్లలో ఒక్కసారైనా రాదు. చదువు కావాలి, అందులో అనుమానం లేదు. కానీ చదువు వల్ల పోతున్నదాన్ని చదువు చెప్పేవాళ్లమే మళ్లీ తెచ్చుకోవాలి కదా అనిపించింది.

అందుకని ఆ అవ్వ ఊరికే వెళ్లాం. ఆమె మమ్మల్ని గుర్తుపట్టింది, కానీ ఏమీ అనలేదు. గడ్డపార తీసుకుని గట్టు మీదికి నడిచింది. ఆకు పండిన తీగ ఒకటి చూసి, దాని మొదలు పట్టుకుని, పక్క నుంచి తవ్వింది. మోకాలి లోతు దాటాక దుంప కనిపించింది. కింది భాగం తీసుకుంది. తీగ అంటుకుని ఉన్న పై భాగాన్ని, అంటే తలను, బెత్తెడు కోసి మళ్లీ అదే గుంటలో పెట్టి మట్టి పూడ్చింది. "దుంప ఇంటికి, తల మట్టికి. గుంట పూడ్చకుండా లేచామంటే మా అమ్మ వీపు పగలగొట్టేది" అంది.

పూడ్చిన గుంటలో మట్టి గుల్లగా ఉంటుంది. వచ్చే ఏడాది తల నుంచి పుట్టే దుంపకు లోపలికి దిగడం సులువు. తవ్వడం అంటే తీసుకోవడం మాత్రమే కాదని, అది నాటడం కూడా అని మాకు ఆ రోజు తెలిసింది.

ఆ తరవాత మేము హాస్టల్ పెరట్లో మొదలుపెట్టాం. మా తప్పులు కూడా చెబుతాం, మీరు అవే చేయకుండా.

మొదటి ఏడాది కుళాయి పక్కన నాటాం. నీళ్లు దగ్గరుంటే మంచిదనుకున్నాం. బంకమట్టిలో నీళ్లు నిలిచి తలలన్నీ కుళ్లిపోయాయి. దుంపకు తేమ కావాలి, నిలవనీరు పనికిరాదు.

రెండో ఏడాది ఎత్తు మీద నాటాం. తీగ బాగా పాకింది. పిల్లలు ఆగలేక దసరా సెలవులయ్యాక తవ్వి చూశారు. వేలెడు దుంపలు దొరికాయి. ఆకు పచ్చగా ఉన్నన్నాళ్లూ దుంప ఊరుతూనే ఉంటుంది. ఆకులు పసుపు రంగుకు తిరిగి తీగ ఎండితేనే అది సిద్ధమైనట్టు.

మూడో ఏడాది 12 గుంటలు తీశాం. తొమ్మిదింట మొలిచాయి. పుష్యమాసంలో తవ్వితే ఒక గుంటలో రెండు కిలోలకు పైగా వచ్చింది. ఆ రోజు పిల్లల కేకలకు రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు.

పద్ధతి ఇది. మార్చి, ఏప్రిల్ నెలల్లో, ఇటుకల పండుగ రోజుల్లో, నాటాలి. పావుకిలో బరువుండే తల ముక్క తీసుకోండి. తల దొరక్కపోతే తొక్క ఉన్న దుంప ముక్కైనా సరే. కోసిన చోట బూడిద అద్ది, ఒక రోజు నీడలో ఆరనివ్వండి. గుంట మూరెడు లోతు, మూరెడు వెడల్పు ఉండాలి. గుంటకూ గుంటకూ మధ్య రెండు మూరల దూరం వదలండి. మాగిన పశువుల ఎరువు మట్టిలో కలిపి గుంటను ముప్పావు వంతు నింపి, ముక్క పెట్టి, పైన మట్టి కప్పండి. దాని మీద ఎండుటాకులు మందంగా పరవండి. ఎండకు ముక్క మాడకుండా ఆ ఆకులే కాపాడతాయి. తొలకరికి మొలక వస్తుంది. ఒక్క బలమైన మొలకను ఉంచి, వెదురు కర్ర పాతండి. చెట్టు దగ్గరుంటే చెట్టుకే పాకించండి. తొమ్మిది, పది నెలలకు కోతకు వస్తుంది. తిరువనంతపురంలో 1963 నుంచి పనిచేస్తున్న కేంద్ర దుంప పంటల పరిశోధనా సంస్థ పెండలానికి చెప్పే పద్ధతీ దాదాపు ఇదే. ఆకుల సంధుల్లో కాయల్లాంటి చిన్న దుంపలు వేలాడే రకాలూ ఉన్నాయి. వాటిని నాటినా మొలుస్తాయి, కాకపోతే మొదటి ఏడాది దుంప చిన్నదిగా ఉంటుంది.

పట్నంలో గది ఉన్నవాళ్లు మాకు చోటెక్కడిది అంటారు. మట్టి, ఎరువు నింపిన గోనెసంచి చాలు. ఇంటివాళ్లను అడిగి డాబా మీద పెట్టుకోండి. సంచి అడుగున నీళ్లు పోయే దారి మాత్రం ఉండాలి.

ఇప్పుడు అసలైన జాగ్రత్త. ఇది మాత్రం బాగా వినండి. దుంపల పేర్లు ఊరూరికీ మారతాయి. ఒక ఊళ్లో తినే దుంపకున్న పేరే ఇంకో ఊళ్లో విషపు దుంపకు ఉండొచ్చు. అందుకని పేరు నమ్మకండి, తీగను చూడండి. పెండలం తీగ నాలుగు పలకలుగా, అంచులకు రెక్కలతో ఉంటుంది. ఆకులు ఎదురెదురుగా వస్తాయి. చేదు దుంప తీగ గుండ్రంగా ఉంటుంది, ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. పెండలం తీగ కర్రను ఒక వైపుగా చుట్టుకుంటే, చేదు దుంప తీగ దానికి ఎదురు వైపుగా చుట్టుకుంటుంది. పిల్లలకు ఈ ఒక్క గుర్తు చెబితే పాఠమంతా గుర్తుంటుంది.

ముళ్ల తీగ మీద మూడేసి ఆకులు కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోండి. అందులో డయోస్కోరిన్ అనే విషం ఉండే రకం ఉంది. మన పెద్దవాళ్లు దాన్ని పలచగా తరిగి, బూడిదతో ఉడికించి, బుట్టలో పోసి రోజుల తరబడి పారే నీళ్లలో నానబెట్టి, కరువు రోజుల్లో తిన్నారు. అది చిన్న విద్య కాదు. పక్కన తెలిసినవాళ్లు లేకుండా ఫోన్లో వీడియో చూసి ఎవరూ ప్రయత్నించవద్దు. మా హాస్టల్ పెరట్లోనూ అలాంటి తీగ లేదు, ఉండనివ్వం.

ఇంకొక మాట. దుంపలో ఉండేది ముఖ్యంగా పిండి పదార్థం. దుంప తింటున్నాం కదా అని పప్పు, గుడ్డు, ఆకుకూర మానకూడదు. ఆడపిల్లలకు మరీ చెబుతున్నాం.

ఇది మన ఒక్కరి కథే అనుకోవద్దు. ఈ రోజు ప్రపంచ ఆదివాసీలందరి రోజు కాబట్టి దూరపు బంధువుల సంగతీ చెప్పుకుందాం. అమెరికా తూర్పు వైపు అపలాచియన్ కొండల్లో చెరోకీ ఆదివాసీలు ఉన్నారు. వాళ్ల అడవిలో ర్యాంప్ అనే మొక్క ఉంటుంది. అడవి ఉల్లి అనుకోండి. వెడల్పాటి ఆకు, వెల్లుల్లి ఘాటు. చలికాలం పోయి, పెద్ద చెట్లు ఇంకా చిగురించకముందే అది నేల మీద పచ్చగా పరుచుకుంటుంది. వాళ్లకు ఆ ఏడాది తొలి ఆకుకూర అదే. విత్తు వేస్తే మొలవడానికే ఏడాదిన్నర పట్టొచ్చు, కోతకు రావడానికి 5 నుంచి 7 ఏళ్లు పడుతుంది. పట్నం హోటళ్లలో దానికి గిరాకీ పుట్టింది. బస్తాలకొద్దీ వేళ్లతో పెకలించి అమ్మారు. కెనడాలోని క్యూబెక్‌లో 1995 నుంచి దాని అమ్మకమే నిషేధం. ఇంటి కోసం మనిషికి ఏడాదికి 50 గడ్డల వరకే అనుమతి. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ పార్కులో 2002లో తవ్వడమే ఆపేశారు. ఆ పార్కు ఉన్నది చెరోకీల తాతల నేల మీదే.

ఆ చెరోకీ పెద్దలు ర్యాంప్ ఎలా కోస్తారో తెలుసా? వేరున్న అడుగు భాగాన్ని మట్టిలోనే వదిలి, పైది కోసుకుంటారు. మన అవ్వ చేసిందీ అదే. ఆ అవ్వకు చెరోకీల పేరు తెలియదు, వాళ్లకు మన కొండల పేరు తెలియదు. అయినా ఇద్దరి చెయ్యీ ఒకే చోట ఆగింది. ఇప్పుడు అక్కడ కూడా చాలామంది ఇంటి వెనక చెట్ల నీడలో, ఎండుటాకుల కింద ర్యాంప్ పెంచుకుంటున్నారు. గడ్డ జోలికి పోకుండా మొక్కకు ఒక్క ఆకే కోసుకుని తృప్తి పడేవాళ్లున్నారు.

దీంట్లో మనకు పాఠం ఉంది. అడవిలో ఒక వస్తువు తరిగిపోతే ముందుగా గేటు పడేది, దాన్ని జాగ్రత్తగా వాడుకున్నవాళ్ల మీదే. మన దగ్గర సంత కోసం తల కూడా వదలకుండా తవ్వేవాళ్లు ఇప్పుడు కనిపిస్తున్నారు. గుంటలు పూడ్చకుండా పోతున్నారు. వాళ్లూ మనవాళ్లే. 2006 అటవీ హక్కుల చట్టం వేర్లను, దుంపలను చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, వాటిని సేకరించుకుని వాడుకునే, అమ్ముకునే హక్కు మనదేనని రాసింది. కాగితం మీద హక్కు ఉండి అడవిలో తీగ లేకపోతే, ఆ హక్కుతో ఏం వండుకుంటాం?

పెరట్లో పెంచుకోండి అంటే అడవి మీద హక్కు వదులుకోండని కాదు. పెరట్లో తీగ ఉంటే అడవి తీగకు ఒక ఏడాది ఊపిరి దొరుకుతుంది. పిల్లలకు గుర్తుపట్టే కన్ను వస్తుంది. ఆ కన్ను ఉన్నవాళ్లే రేపు గ్రామసభలో లేచి, ఈ అడవిలో ఏముందో, ఏం పోయిందో చెప్పగలరు.

యువతకు మేము పెద్ద పని చెప్పడం లేదు. ఇది ఆగస్టు. తీగలన్నీ ఇప్పుడు నిండుగా పాకి ఉన్నాయి. ఈ ఆదివారం అవ్వనో, తాతనో వెంటబెట్టుకుని గట్టు మీదికి వెళ్లండి. తవ్వొద్దు, చూడండి. ఏది తినేదో, ఏది కాదో అడిగి, తినే తీగ మొదట్లో ఒక రాయి పెట్టి గుర్తు పెట్టుకోండి. తీగ పేరు మీ ఇంటి భాషలో రాసుకోండి. పుష్యమాసంలో రెండు రోజులు సెలవు పెట్టి ఊరికి రండి. తవ్వండి, తల మట్టిలో పెట్టండి. ఇంట్లో వండిన దుంపల్లో ఒకదాని తల అట్టిపెట్టి, ఎండాకాలంలో మీ పెరట్లో నాటండి. ఒక ఇంటికి ఒక్క తీగ చాలు.

చివరిగా ఆ అవ్వ సంగతి. మూడో ఏడాది మా పెరటి దుంపలు తవ్విన రోజు ఆమెను పిలిచాం. గేటు దగ్గర ఆగిపోయింది. "లోపలికి రావచ్చా టీచరమ్మా?" అని అడిగింది. మాకు నోట మాట రాలేదు. మనవరాలు పరుగెత్తుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. గడ్డపార అవ్వ చేతికిచ్చి, "ఎలా తవ్వాలో మా వాళ్లకు చెప్పవ్వా" అంది. పిల్లలంతా చుట్టూ కూర్చున్నారు. ఆ రోజు వండిన దుంపలు వంట అక్క ముందు రుచి చూసి, మేము చూసి, ఆ తరవాత పిల్లలకు పెట్టాం. నియమం నియమమే కదా.

అవ్వకు వెళ్లేటప్పుడు ఒక పొట్లం ఇచ్చాం, అడ్డాకుల్లోనే. ఆమె అది తెరిచి చూసి, "తల ఏదీ?" అని అడిగింది. అప్పటికే మనవరాలు దాన్ని మట్టిలో పెట్టేసింది.

 జై ఆదివాసీ!