రోజూ నడిచినా పొట్ట ఎందుకు తగ్గలేదు?

(రేడియో ప్రసంగ పాఠం)

 

ఈరోజు నేను పొట్ట గురించి మాట్లాడతాను. నవ్వకండి, ఇది కూడా వాక్యంలోని సంగతే.

ఒక సహోదరుడు భార్యతో కలిసి నా దగ్గరికి వచ్చాడు. "అయ్యగారూ, ఆరు నెలల నుంచి పొద్దున్నే నడుస్తున్న. అన్నం మానేసిన, రాత్రికి రెండు పుల్కాలే. అయినా ప్యాంటు హుక్కు పడుతలేదు. డాక్టరు షుగరు వచ్చేట్టుందంటున్నడు. ప్రార్థన చేయండి" అన్నాడు. ప్రార్థన చేశాను. తర్వాత అడిగాను, "పుల్కాలకు ముందు ఏమన్నా ఉన్నదా అన్నా?" అని. తల దించుకున్నాడు. ఆ అక్కే చెప్పింది: "రోజూ కాదయ్యగారూ, వారానికి నాలుగు రోజులు. క్వార్టరు."

పదేళ్లుగా ఆయన ప్రతి ఆదివారం ముందు వరుసలో కూర్చుంటున్నాడు. నాకు తెలియదు! తప్పు ఆయన ఒక్కడిదే అనలేను. తాగుడు పాపమని మనం గట్టిగా చెబుతాం, చెప్పాలి కూడా. కాని తాగేవాడు నోరు తెరిచి "నాకు ఈ అలవాటుంది, తగ్గించుకుంటాను" అని చెప్పే చోటు మన గుడుల్లో లేకుండా చేశాం. అందుకే అతడు పుల్కాలు లెక్కపెడతాడు, గ్లాసు లెక్కపెట్టడు.

మనం లెక్కపెడదాం. క్వార్టరు అంటే 180 మిల్లీలీటర్లు. సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. అందులో ఆల్కహాలు దాదాపు 60 గ్రాములు. ఒక గ్రాము పిండిపదార్థంలో 4 కెలోరీలు, కొవ్వులో 9, ఆల్కహాలులో 7. అంటే ఒక్క క్వార్టరులో 425 కెలోరీలు, సుమారు ఐదు పుల్కాలు. బీరు కదా, ఏం కాదులే అంటారు కొందరు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగు బీరు సీసాలో కూడా మూడు వందల పైనే ఉంటాయి. పక్కన పెట్టుకునే పల్లీలు, చికెన్ పకోడి వేరే లెక్క. గంట సేపు వేగంగా నడిస్తే ఖర్చయ్యేది మూడు వందలకు అటూ ఇటూ. పొద్దున నడిచిందంతా రాత్రి సీసాలో పోయింది ప్రియులారా!

ఇంకొక సంగతి. ఆల్కహాలును దాచుకోవడానికి శరీరంలో చోటు లేదు. కాలేయం దాన్ని విషంగా చూసి, మిగతా పని ఆపి ముందు దాన్నే ఖర్చు చేస్తుంది. అంతసేపూ కొవ్వు కరగడం వెనకబడుతుంది. తాగితే నిద్ర సరిగా పట్టదు, తెల్లారి నడక ఎగ్గొడతాం. నడుము కొలత మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదని వైద్యులు చెబుతారు. టేపు మీ ఇంట్లోనే ఉంటుంది, కొలుచుకోండి.

మన మేళ్లచెరువులో శివరాత్రి జాతరకు ఎడ్లతో బండ లాగించే పందేలు జరుగుతాయి. పందెపుటెద్దును సాకే రైతును మీరు చూసే ఉంటారు. ఉలవలు ఎన్ని పెట్టాలి, నీళ్లు ఎప్పుడు పట్టాలి, ఎంత దూరం నడిపించాలి, అన్నీ లెక్కే. ఎద్దుకు బొజ్జ రానివ్వడు. అదే రైతు సాయంత్రం తన నోట్లోకి ఏం పోతుందో చూసుకోడు. మన దేహం దేవుని ఆలయమని పౌలు కొరింథు సంఘానికి రాశాడు. ఆలయానికి ఎద్దుపాటి లెక్కైనా వద్దా?

పౌలు పేరెత్తగానే కొందరు తిమోతిని తెస్తారు. కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మన్నాడు కదా అంటారు. బైబిలులో ఇంకేదీ రానివారికి కూడా ఆ ఒక్క మాట కంఠతా వస్తుంది! తిమోతికి జబ్బుంది, చెప్పింది కొంచెమే. 42.8 శాతం మందు అప్పటికి లేదు. మేలు చేసే మోతాదు అంటూ ఏదీ లేదు, ఎంత తాగినా హాని ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది.

దానియేలు దగ్గరికి వెళ్దాం. రాజుగారి భోజనం, ద్రాక్షారసం వద్దని, శాకధాన్యాలు, నీళ్లు అడిగాడు. నిజం చెప్పాలంటే ఆ యువకులు సన్నబడలేదు, ఇంకా పుష్టిగా కనబడ్డారు. కాబట్టి బరువు విషయంలో దానియేలును సాక్షిగా పిలవను. కాని ఆయన అడిగిన గడువు చూడండి: పది దినాలు. అంతే.

ఆ సహోదరుడికి నేను చెప్పింది అదే. పూర్తిగా మానమనే నా మాట. అయితే ముందు పది రోజులు ముట్టకుండా చూడన్నా అన్నాను. షిఫ్టు దిగగానే ఆకలి మీద ఉంటావు, ముందు ఇంటికొచ్చి తిను, చల్ల తాగు. "కూర్చుందామా" అని పిలిచే దోస్తుకు ముందే చెప్పిపెట్టు. వైన్సు లేని దారిలో ఇంటికి రా. నాలుగు రోజులది రెండు రోజులకు వచ్చినా దేవుడు నిన్ను ఎగతాళి చేయడు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పొద్దున లేవగానే చేతులు వణికేవారు, రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా ఆపకండి, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కల్తీ కల్లును అరికట్టినప్పుడు, అలవాటుపడినవారు ఫిట్సు వచ్చి, మతి తప్పి మాట్లాడుతూ ఆసుపత్రుల పాలయ్యారు. ఇది విశ్వాసం లేకపోవడం కాదు, శరీరం తీరు అంతే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని ఎత్తేశారు. ప్రభుత్వం పెట్టిన గడువు పోయింది. మన గడువు మనమే పెట్టుకోవాలి.

ఆ సహోదరుడు పది రోజులు నిలబడ్డాడు. పదకొండో రోజు బామ్మర్ది వచ్చాడు, జారాడు. మళ్లీ మొదలుపెట్టాడు. నాలుగు నెలలకు బెల్టు రెండు రంధ్రాలు లోపలికి వచ్చింది. మొన్న శుక్రవారం ఉపవాస కూడికలో లేచి నిలబడి, "అయ్యగారూ, ఈ వారం ఒక్క రోజు తప్పిన" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. వెనకనుంచి ఇంకో అన్న మెల్లగా లేచి, "నేను మూడు రోజులు" అన్నాడు.

వారిద్దరి కోసం, వింటున్న మీ కోసం ప్రార్థన చేసుకుందాం. కళ్లు మూసుకోండి.