సముద్రమున రెండవ సాక్షి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయమునకు ఉత్సవము చేసికొనుచున్న ఈ శుభదినమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. ఊరి లెక్కలు వ్రాసికొను నేను, గురువు లేకయే, ఈ బీరువాల ముందు కూర్చుండి కావ్యములు చదువుకొన్నవాడను. కావున ఏ ప్రబంధమును గూర్చియో మాటలాడుదునని మీ రనుకొని యుందురు. నే నెన్నుకొన్న విషయము వేరు. సముద్రముమీద చేపలవేటకు పోవువారు, పడవలో బిగించిన జి.పి.యస్. యంత్రమునకు తోడుగా, చేత బట్టుకొను రెండవ యంత్రమును ఎట్లు ఎన్నుకొనవలెను? ఇదియే నేటి నా ప్రసంగము.

సూర్యాపేట ప్రాంతమున సముద్ర మెక్కడిదని కొందరు నవ్వవచ్చును. మన చేపలవేట మూసీ మడుగులలోను, చెరువులలోను, కృష్ణలోను జరుగునదే. అయినను సూర్యాపేట, కోదాడల మీదుగా సాగు 65వ నెంబరు జాతీయ రహదారి తుదకు చేరునది బందరు సముద్రతీరమును. అదే దారికి ఎగువన, హైదరాబాదులో, 1999లో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రమున్నది. దానిని ఇన్‌కాయిస్ అని పిలుతురు. ఏయే అక్షాంశ రేఖాంశముల కడ చేపలు దొరకు నవకాశ మున్నదో ఆ కేంద్రమువారు తెలుగులో గూడ జాలరులకు తెలుపుచుందురు. బందరు జాలరి వల ఎచ్చట వేయవలెనో చెప్పు వార్త మన ఊరికి ఎగువన పుట్టి, మనలను దాటి, సముద్రమునకు పోవుచున్నది. దాని నర్థము చేసికొనుట మనకు తగని పని కాదు.

రెండవ కారణము గూడ కలదు. 2025లో వచ్చిన “తండేల్” చలనచిత్రమును మీలో చాలమంది చూచితిరి. దానికి మూలము నిజముగా జరిగిన కథ. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల మత్స్యకారులు పొట్టచేత బట్టుకొని గుజరాతులోని వెరావలు రేవునకు పోయి, అచ్చటి మరపడవలపై కూలికి వేట చేయుచు, 2018 నవంబరులో పాకిస్తాను జలములలో పట్టుబడిరి. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దున విడుదలై ఇల్లు చేరిరి. నడుమ గడచినది ఏడాదికి పైగా. ఆ కాలమున వారి ఇండ్లలో ఆడువారును, పిల్లలును పడిన వేదనను లెక్కవ్రాయు పుస్తక మేదియు లేదు.

మన పొలమునకు హద్దురాళ్లు గలవు. తగవు వచ్చెనా, టిప్పన్ తీసి, గొలుసు పట్టి, రాయి వెదకి, ఇది నీది, అది నాది అని తేల్చుదుము. సముద్రమున హద్దురాయి లేదు, గట్టు లేదు, తుమ్మచెట్టు గుర్తు లేదు. నేడు నిలిచిన నీరు రేపు ప్రవాహమున కొట్టుకొనిపోవును. నావికునకు హద్దు తెలుపునవి రెండంకెలు మాత్రమే: ఒకటి అక్షాంశము, ఒకటి రేఖాంశము. ఆ రెండంకెలను చూపునదే జి.పి.యస్.

అది పనిచేయు తీరు క్లుప్తముగా చెప్పెదను. అమెరికావారు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఇరువదినాలుగుకు తక్కువ గాని ఉపగ్రహములను త్రిప్పుచున్నారు. ప్రతిదానిలోను అతి సూక్ష్మమైన గడియారము లున్నవి. అవి పంపు సంకేతములు వచ్చి చేరుటకు పట్టిన కాలమునుబట్టి మన చేతిలోని యంత్రము దూరములను లెక్కగట్టును. చోటు తెలియుటకు మూడు, తన గడియారపు తప్పును సరిచేసికొనుటకు ఒకటి, వెరసి నాలుగు ఉపగ్రహములు కనబడవలెను. రష్యావారి గ్లోనాస్, ఐరోపావారి గెలీలియో, చైనావారి బైదూ, మన దేశపు నావిక్ అను ఏర్పాటులును ఇట్టివే.

ఇంత మంచి యంత్రము పడవలో నుండగా రెండవది ఏల? అది బ్రతుకుట పడవ బ్యాటరీమీద. తీగ తెగినను, ఉప్పునీరు దూరినను, యాంటెన్నా విరిగినను, ఇంజనుతోపాటు బ్యాటరీ చచ్చినను అదియు చచ్చును. గాలివానలో ఇవన్నియు ఒక్కమారే జరుగుటయు కలదు. సరిగా ఆవశ్యకమైన వేళనే అది మూగపోవును.

ఇచ్చట కావ్యము పనికివచ్చుచున్నది. కాళిదాసు శకుంతలను తలచుకొనుడు. శాపవశమున రాజునకు జ్ఞప్తి తేగల గురుతు ఆమెకు ఒక్క ఉంగరమే. అది నీట జారినది. తన మాట నిజమైయుండియు సభలో నిలువలేదు. పిదప ఆ ఉంగరమును చేప కడుపున గని బయటబెట్టినవాడు ఒక జాలరియే గదా! ఇక రామాయణమున సీతమ్మ చేసినది చూడుడు. హనుమంతుని చేతికి చూడామణి నిచ్చుటయే గాక, తనకును రామునకును మాత్రమే తెలిసిన కాకాసుర వృత్తాంతమును గూడ చెప్పి పంపినది. మణి దారిలో పోయినను కథ నిలుచును. కథను నమ్మకున్నను మణి సాక్ష్యమిచ్చును. రెండును వేరు వేరు జాతుల గురుతులు. ఒకదానికి వచ్చిన ఆపద రెండవదానికి రాదు. రెండవ యంత్రము నెన్నుకొనుటలోని ధర్మ మంతయు ఇందే యున్నది. చిట్టాకు నకలు వ్రాసి రెంటిని ఒకే పెట్టెలో నుంచినచో చెదలు రెంటిని తినును. పడవ బ్యాటరీకే తగిలించు రెండవ యంత్రము అట్టి నకలే. అది సాక్షి కాదు.

కావున కొనబోవునప్పుడు చూడవలసినవి వరుసగా చెప్పెదను.

మొదటిది ఆహారము. సంతలో దొరకు రెండు పెన్సిలు బ్యాటరీలతో నడచు యంత్రము మేలు. లోపలనే బిగించిన బ్యాటరీ గలది అయిపోయిన పిమ్మట, నడిసముద్రమున చార్జి చేయుటకు మరల ఆ చచ్చిన పడవ బ్యాటరీనే ఆశ్రయింపవలెను. కొత్త బ్యాటరీలు రెండు జతలు నీరు చొరని డబ్బాలో వేరుగా నుంచవలెను. వేట లేని కాలమున వాటిని యంత్రమునుండి తీసివేయవలెను, ఏలయన అవి కారి లోపలి రేకులను తినివేయును. మన తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు మరపడవల వేట నిషేధము గదా. ఆ రెండు నెలలును దీనికి గుర్తుంచుకొనవలసిన కాలము.

రెండవది నీటికి ఓర్చుట. పెట్టెమీద “ఐ.పి.యక్స్. 7” అని యున్నచో ఒక మీటరు లోతు నీటిలో అరగంట మునిగినను చెడదని అర్థము. కాని చెడకుండుట వేరు, తేలుట వేరు. మునిగిపోయిన మంచి యంత్రము చేపలకు ఉపకరించును గాని మనకు గాదు. గార్మిన్ వారి జీపీయస్‌మ్యాప్ 79 తరగతివంటివి పెన్సిలు బ్యాటరీలతో నడచుచు నీటిపై తేలును. అదే కంపెనీవారి ఈట్రెక్స్ వంటి చిన్నవి తేలవు. వాటిని త్రాటితో నడుమునకు గట్టుకొనవలెను.

మూడవది మీటలు. తడిచేతులతో, వలత్రాడు లాగి మొద్దుబారిన వ్రేళ్లతో, తాకుడు తెరను నడపుట కష్టము. నొక్కు మీటలు గలదియు, మిట్టమధ్యాహ్నపు టెండలో అంకెలు కనబడునదియు తీసికొనవలెను. మనిషి నీట పడినప్పుడు ఒక్క నొక్కుతో ఆ చోటును గుర్తుంచుకొను మీట యున్నచో మరియు మంచిది.

నాలుగవది, ఒక్క దేశపు ఉపగ్రహములనే గాక రెండు మూడు ఏర్పాటులను వినగలది మేలు. రంగుల పటములు, పాటలు, చిత్రములు దీనికి అక్కరలేదు. చోటును చూపుట, వచ్చిన దారిని మరల చూపుట, గుర్తు పెట్టిన చోటు దగ్గరపడగనే కూతపెట్టుట, ఈ మూడు చాలును.

సెల్‌ఫోను చాలదా యని అడుగుదురు. టవరు అందకున్నను ఫోను ఉపగ్రహములను వినగలదు, అది నిజమే. కాని పటమును ముందుగా దింపుకొననిచో తెరమీద తెల్లకాగితమే మిగులును. తడియు, ఎండయు, మాటలతో పాటలతో అయిపోవు చార్జియు దానికి శత్రువులు. అది మూడవ సాక్షిగా నుండుగాక.

ఇక లెక్కలవాడనుగా ఒక హెచ్చరిక. మన పాత చిట్టాలలో రూపాయికి పదునారణాలు. 1957 ఏప్రిలు 1వ తేదినుండి రూపాయికి నూరు పైసలు. ఎనిమిదణా లనగా అరరూపాయి. ఎనిమిది పైసలు గాదు. అక్షాంశములలోను ఇట్టి రెండు నాణెము లున్నవి. డిగ్రీకి అరువది నిమిషములని వ్రాయుట ఒక పద్ధతి, డిగ్రీని దశాంశములుగా వ్రాయుట మరియొక పద్ధతి. 15 డిగ్రీల 40 నిమిషములు దశాంశములలో 15.667 అగును. దానిని 15.40 అని యంత్రమునకు చెప్పినచో అది 15 డిగ్రీల 24 నిమిషములని గ్రహించును. అక్షాంశమున ఒక నిమిషము ఒక నాటికల్ మైలు, అనగా 1,852 మీటర్లు. తప్పు 16 నాటికల్ మైళ్లు, దాదాపు 30 కిలోమీటర్లు! సూర్యాపేట, కోదాడల నడుమ దూరములో సగమునకు పైగా. యంత్రము చెడలేదు, ఉపగ్రహము చెడలేదు. అణాలను పైసలుగా చదివినాము, అంతియే. కావున పడవలోని యంత్రమును, చేతిలోని యంత్రమును ఒకే పద్ధతికి దిద్ది, రేవు విడువక మునుపే రెంటి అంకెలను ప్రక్కప్రక్కన బెట్టి సరిచూడవలెను.

కొని పెట్టెలో దాచిన యంత్రము యంత్రము గాదు. చాలకాలము వాడనిది ఉపగ్రహముల పంచాంగమును క్రొత్తగా నేర్చుకొనవలసి వచ్చును. ఆ పంచాంగము పూర్తిగా అందుటకు పండ్రెండున్నర నిమిషములు పట్టును. ఆపదలో అది దీర్ఘకాలమే. అందుచే ప్రతి ప్రయాణమునకు ముందు ఆరుబయట దానిని మేల్కొలుపవలెను. రేవు, హద్దు, వేటచోటు అను మూడింటిని దానిలో ముందే గుర్తు పెట్టవలెను. సరంగు ఒక్కడే గాక పడవలో నింకొక్కడైనను దానిని నడప నేర్చియుండవలెను. అంతకుమించి, గంట కొకమారు వేళను, రెండంకెలను పెన్సిలుతో పుస్తకమున వ్రాయవలెను. కాగితమునకు బ్యాటరీ అక్కరలేదు. యంత్రము లన్నియు ఆగినను, ఒక గంట క్రింద నెచ్చట నుంటిమో ఆ పుస్తకము చెప్పును. దిక్సూచి ఇంటిదారి చెప్పును. ఆకాశము నిర్మలమైనచో ధ్రువుడును చెప్పును. ధ్రువనక్షత్రము దిగంతమునకు ఎన్ని డిగ్రీల ఎత్తున కనబడునో మన అక్షాంశము దాదాపు అంతయే గదా. బందరు కడ అది సుమారు 16.

ఒక్క భ్రమను మాత్రము తొలగింపవలెను. జి.పి.యస్. మన చోటును మనకు చెప్పును గాని మన మొరను ఇతరులకు చెప్పదు. దానికి వేరు సాధనములు కలవు. ఇస్రోవారు రూపొందించిన డాట్ అను యంత్రము ఆపద వేళ ఉపగ్రహముద్వారా తీరరక్షక దళమునకు వార్త పంపును. 2019లో వచ్చిన జెమిని అను పరికరము తుపాను హెచ్చరికలను నడిసముద్రమున కందించును గాని మన జవాబును కొనిపోదు. తీరరక్షక దళపు టెలిఫోను నెంబరు 1554, అది టవరు అందునంతవరకే. వీనిలో నేదియు రెండవ జి.పి.యస్.కు మారు గాదు. అదియు వీనికి మారు గాదు.

సభ్యులారా! బ్రతుకుతెరువునకై మన పిల్లలు దూరదేశములకు పోవుచున్నారు. వారిలో ఎవ్వడు ఏనాడు ఏ పడవ నెక్కునో మన మెరుగము. సూర్యాపేట దాదాపు 17 డిగ్రీల 8 నిమిషముల ఉత్తర అక్షాంశమున, 79 డిగ్రీల 37 నిమిషముల తూర్పు రేఖాంశమున నున్నదని చెప్పగల బాలుడు మన ఊరిలో ఎందరో లేరు. పెద్ద అట్లాసు నొకదానిని, మంచి దిక్సూచి నొకదానిని ఈ రజతోత్సవ నిధినుండి కొని ఈ బల్లపై నుంచవలెనని నా మనవి. ప్రతి విద్యార్థియు తన ఊరి రెండంకెలను తానే కనుగొని గోడమీద వ్రాయుగాక. ఒక్క గురుతునే నమ్మి బయలుదేరరాదను బుద్ధి వానికి అక్కడనే అలవడును.