బైలాకు హద్దులు, సభ్యునికి హక్కులు
(ప్రసంగ పాఠం)





మన బస్తీలలో వడ్డీలేని రుణాలిచ్చే పరపతి సంఘాలున్నాయి. చేనేత సంఘాలు, గృహనిర్మాణ సంఘాలు ఉన్నాయి. వాటిలోని సొమ్ము పేదల కష్టార్జితం. బోర్డు చేతిలో అది అమానత్. ఆ బోర్డును ఎవరు, ఎప్పుడు, ఏ విధంగా ఎన్నుకోవాలో నిర్ణయించేది బైలా. కనుక బైలా హద్దు ఎక్కడున్నదో మనం తెలుసుకొని తీరాలి.

1969లో, హైదరాబాదులోని పారిశ్రామిక ట్రిబ్యునల్ ముందు మొదలైన సహకార కేంద్ర బ్యాంకుల వివాదంలో, బైలాలకు చట్టంతో సమానమైన బలం లేదని సుప్రీంకోర్టు తేల్చింది. అవి కంపెనీల అంతర్గత నియమావళి వంటివి; సభ్యులు తమలో తాము చేసుకొన్న ఒడంబడిక. పైన రాజ్యాంగం, దాని క్రింద చట్టం, ఆ తరువాత ప్రభుత్వ నిబంధనలు, చివరన బైలా. పై మెట్టుకు విరుద్ధమైనది క్రింది మెట్టుపై నిలువదు.

అట్లని మన స్వేచ్ఛ చిన్నది కాదు. అహ్మదాబాదులోని పార్సీల గృహనిర్మాణ సంఘం తన సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకొన్నది. చట్టానికి విరుద్ధం కానంతవరకు అట్టి బైలా చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మైనారిటీలకు ఇది విలువైన తీర్పు. అయితే తలుపు ఎవరికి తెరవాలన్నది ఒక ప్రశ్న. లోపలికి వచ్చిన సభ్యుని నోరు మూయించడం వేరొక ప్రశ్న. మొదటిదానికి దొరికిన రక్షణను రెండవదానికి వాడుకోరాదు.

ఉదాహరణకు, డిపాజిట్ ఎక్కువ ఉన్నవారికి ఎక్కువ ఓట్లు అని ఒక సంఘం వ్రాసుకొన్నదనుకొందాం. వ్యక్తులు సభ్యులుగా గల సంఘంలో ఒక సభ్యునికి ఒకే ఓటు అన్నది సహకారానికి పునాది. పదవీకాలానికి చట్టం గడువు పెట్టినచోట, బైలా ఆ గడువును పొడిగించజాలదు. సభ్యురాలికి స్త్రీ అన్న కారణంగా ఓటు నిరాకరించే అధికారం ఏ బోర్డుకూ లేదు.

2011 నాటి 97వ రాజ్యాంగ సవరణ సహకార సంఘాల స్థాపనను 19వ అధికరణంలో ప్రాథమిక హక్కుగా చేర్చింది. బోర్డులో 21 మందికి మించరాదని, పదవీకాలం 5 ఏళ్లని, గడువు ముగియకముందే ఎన్నిక జరగాలని, ఇద్దరు స్త్రీలకు స్థానం ఉండాలని కూడా చెప్పింది. కానీ రాష్ట్రాల శాసనసభల ఆమోదం పొందనందున, ఒకే రాష్ట్రంలో పనిచేసే సంఘాలకు ఈ భాగం వర్తించదని 2021 జూలైలో సుప్రీంకోర్టు నిర్ణయించింది. బహుళ రాష్ట్ర సంఘాలకు అది నిలిచింది; ప్రాథమిక హక్కూ చెక్కుచెదరలేదు. కనుక మన సంఘాలకు హద్దు 1964 నాటి సహకార చట్టంలోనో, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టంలోనో వెదకాలి. రెండవదానిలో బైలాకు విశాలమైన చోటున్నది. సకాలంలో ఎన్నిక జరిపే బాధ్యత కూడా పదవిలో ఉన్న బోర్డుదే. స్వేచ్ఛ పెరిగినకొద్దీ జవాబుదారీ పెరుగుతుంది.

ఒక హెచ్చరిక. ఓటు వేసే హక్కు, పోటీ చేసే హక్కు చట్టం ప్రసాదించినవే గాని ప్రాథమిక హక్కులు కావు. ఎన్నికల ప్రక్రియ మొదలైన తరువాత న్యాయస్థానాలు సాధారణంగా జోక్యం చేసుకోవు. ఫలితం వెలువడ్డాక చట్టం చూపిన వేదికకే వెళ్లమంటాయి. కాబట్టి మేలుకోవలసింది ఎన్నికల ప్రకటనకు ముందే. బైలా ప్రతిని అడిగి తీసుకొందాం. ఓటర్ల జాబితాలో మన పేరు, మన ఇంటి స్త్రీల పేర్లు సరిచూసుకొందాం. సవరణ ప్రతిపాదన వస్తే సర్వసభ్య సమావేశంలో కూర్చొని చర్చిద్దాం. సర్వసభ్యులు ఆమోదించినా, రిజిస్టరు కాని సవరణ అమలుకు రాదని గుర్తుంచుకొందాం.

పాలకుల ఎదుట మన వాటా, మన గొంతు కోరుతున్నాము. అదే గొంతును మన సంఘంలోని కడపటి సభ్యునికి, నిరుపేద సభ్యురాలికి మనమే ఇవ్వకపోతే, ఆ కోరికకు బలమెక్కడిది? షూరా మనకు క్రొత్త పాఠం కాదు. అమానత్‌ను కాపాడే బోర్డులను ఎన్నుకొనే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.