పేరంటంలో ఇచ్చిన జాకెట్టు ముక్కతో పర్సు – మొదటిసారి కుట్టేవాళ్ళ కోసం

ఈ రోజు గుడ్డ పర్సు కుడదాం. జిప్పు లేదు, గుండ్రం కటింగులు లేవు, అన్నీ తిన్నటి గీతలే. మిషను ఉంటే మిషను మీద, లేకపోతే చేత్తో కుట్టుకోవచ్చు.

"ఫోన్‌లో డబ్బులుంటే పర్సెందుకక్కా" అంటారని నాకు తెలుసు. నర్సాపురం నుంచి సఖినేటిపల్లి పంటు ఎక్కేటప్పుడు సిగ్నల్ పోయిందనుకోండి, అప్పుడు గుర్తొస్తుంది పర్సు. ఆధార్, ఏటీఎం కార్డు, లైసెన్సు, రెండు మూడు నోట్లు... వీటికైనా ఒకటి కావాలి కదండీ.

ముందు గుడ్డ సంగతి. కొత్త గుడ్డ కొనకండి, ప్లీజ్. మన గోదావరి జిల్లాల్లో ఏ ఇంట్లో బీరువా తీసినా పేరంటాల్లో బొట్టు పెట్టి ఇచ్చిన జాకెట్టు ముక్కలు దొంతరగా ఉంటాయి. ఒకింట్లో ఇచ్చినవి ఇంకో ఇంటికి, అక్కడి నుంచి మరో ఇంటికి తిరుగుతూనే ఉంటాయి. ఎవరూ కుట్టించుకోరు! అందులో కాటన్‌ది ఒకటి తీసుకోండి. పాలిస్టర్ అయితే ఇస్త్రీకి ముడుచుకుపోతుంది, మొదటిసారికి వద్దు. ఇంట్లో లేకపోతే రాజమండ్రి తాడితోటలో కట్‌పీసులు దొరుకుతాయి. ముక్కని ఒకసారి నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పట్టుకోండి. లేదంటే పర్సు కుట్టాక, ఉతికినప్పుడు ముడతలు పడిపోద్ది.

ఇప్పుడు కొలతలు. నేను మొదటి పర్సు కుట్టినప్పుడు నోటు పెట్టి చుట్టూ గీసేసి కత్తిరించేశాను. కుట్లకి గుడ్డ వదల్లేదు. తిరగేసేసరికి అందులో నోటు పట్టలేదు, చిల్లర మాత్రం పట్టింది! అందుకే ఈ లెక్క వినండి. 500 నోటు పొడవు 150 మిల్లీమీటర్లు, అంటే దగ్గర దగ్గర 6 అంగుళాలు. వెడల్పు 66 మిల్లీమీటర్లు. కొత్త 50, 100, 200 నోట్లకి కూడా వెడల్పు అంతే, పొడవే మారుద్ది. పాత 100 నోటు మాత్రం 73 మిల్లీమీటర్లు, కొంచెం పెద్దది. కార్డు ఏదైనా దాదాపు 86 బై 54. వీటన్నిటికీ సరిపోయేలా, మడత విప్పితే 8 అంగుళాల పొడవు, మూడున్నర అంగుళాల ఎత్తు వచ్చే పర్సు కుడుతున్నాం.

పేపర్ మీద గీసుకోండి ముందు. అన్నిటి పొడవూ 9 అంగుళాలే. ఎత్తులు వేరు. బయటికి కనిపించే పై ముక్క నాలుగున్నర. లోపలి లైనింగు ముక్క కూడా నాలుగున్నర. నోట్ల జేబుకి 7, కార్డుల జేబుకి 5. కుట్లకి చుట్టూ అరంగుళం ఇందులోనే కలిపేశాను, మళ్ళీ కలపకండి. ఒక జాకెట్టు ముక్కలో ఇలాంటివి మూడు పర్సులు తేలిగ్గా వస్తాయి. ఇవి కాక టైలర్లు మెడలకి వాడే పేస్టింగ్ కాన్వాసు ఉంటుంది కదా, అది 8 బై మూడున్నర ఒక్క ముక్క చాలు. కాన్వాసుకి కుట్ల గుడ్డ వదలొద్దు, అంచులు దళసరి అయిపోయి సూది విరుగుద్ది. కాన్వాసుని పై ముక్క వెనక వైపు మధ్యలో పెట్టి ఇస్త్రీతో అతికించేయండి. ఇస్త్రీ పెట్టెని రుద్దొద్దు. ఒకచోట నొక్కి, ఎత్తి, పక్కన మళ్ళీ నొక్కాలి.

నోట్ల జేబు గుడ్డని పొడవునా సగానికి మడిస్తే 9 బై మూడున్నర అవుద్ది. కార్డుల జేబుని అలాగే మడిస్తే 9 బై రెండున్నర. మడత ఉన్న వైపు పైకి రావాలి, తెరిచి ఉన్న అంచు కిందకి. నోట్ల జేబు మీద కార్డుల జేబు పెట్టి, కింది అంచులు కలిపి, సరిగ్గా మధ్యలో నిలువుగా ఒక కుట్టు వేయండి. దాంతో కార్డులకి రెండు గదులు వచ్చాయి.

ఇక్కడ ఆగండి. ఈ మధ్య కుట్టు ఈ రెండు జేబులకే పడాలి. నేను రెండో పర్సుకి ఏం చేశానంటే, అంతా జోడించేశాక, "అయ్యో మధ్య కుట్టు మర్చిపోయానే" అని పై ముక్కతో సహా కుట్టేశాను. చూడ్డానికి చాలా బాగుంది. నోటు పెడదామంటే సగం వరకే వెళ్ళి ఆగిపోయింది! రాత్రి పదకొండింటికి కూర్చుని ఆ కుట్టు విప్పాను. కాబట్టి మధ్య కుట్టు ముందే, ఇప్పుడే.

సరే. లైనింగు ముక్కని మంచి వైపు పైకి పెట్టండి. దాని మీద జేబులు, కింది అంచు, పక్క అంచులు కలిసేలా. దాని మీద పై ముక్కని బోర్లా, అంటే మంచి వైపు కిందకి. గుండుసూదులు గుచ్చి, చుట్టూ అరంగుళం లోపలికి కుట్టండి. పై అంచు మధ్యలో మూడంగుళాలు వదిలేయాలి, మర్చిపోకండి, తిరగేసేది అందులోంచే. పక్కల్లో ఆరు పొరలు వస్తాయి కాబట్టి మిషనుకి 16 నంబరు సూది పెట్టి, చక్రం చేత్తో నెమ్మదిగా తిప్పండి. చేత్తో కుట్టేవాళ్ళు ఒక్కో కుట్టుకీ కొంచెం వెనక్కి వచ్చి కుట్టాలి, ఉత్త ముందుకుట్టు అయితే ఊడిపోద్ది. నాలుగు మూలలూ కుట్టు తెగకుండా ఏటవాలుగా కత్తిరించి, తిరగేసి, మూలల్ని పెన్సిలు వెనక వైపుతో బయటికి తొయ్యండి. ఇస్త్రీ చేసి, వదిలిన చోట అంచులు లోపలికి మడిచి, పై అంచు పొడవునా అంచుకి ఆనుకుని ఒక కుట్టు. నోట్ల జేబు అరంగుళం కిందే ఉంది కాబట్టి దానికి తగలదు. సగానికి మడిచి ఇస్త్రీ పెట్టి నొక్కితే పర్సు అయిపోయింది. టిచ్ బటన్ కావాలంటే కుట్టుకోండి, లేకపోయినా పర్వాలేదు.

మొన్న చాలామంది అడిగారు, "అక్కా ఇవి అమ్ముకోవచ్చా, ఎంతకి అమ్మాలి" అని. నా సంగతి చెప్తాను. నేను పది కుట్టి ఒక షాపుకి తీసుకెళ్ళాను. ఒక్కోటి 40 రూపాయలు ఇస్తానన్నారు. గుడ్డ, కాన్వాసు, దారం, బటన్ కలిపి నాకు 25 పడింది. కుట్టడానికి అప్పట్లో రెండున్నర గంటలు పట్టేది. అంటే రెండున్నర గంటలకి 15 రూపాయలు. "అదేంటండీ" అంటే, "ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు కుట్టుకునేదే కదమ్మా" అన్నారు.

ఆ మాట నాకు కొత్త కాదు. మా మామ్మ నర్సాపురం వైపు మనిషి, లేసు అల్లేది. అక్కడ క్రోషే లేసు పని 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిందట. 2024లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. జర్మనీకి చెందిన మరియా మీస్ అనే ఆవిడ అక్కడి ఆడవాళ్ళ దగ్గరకొచ్చి చూసి, 1982లో పుస్తకమే వేశారు. విదేశాలకి ఎగుమతయ్యే సరుకు చేస్తున్నా వాళ్ళని పనివాళ్ళని అనలేదు, గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే పని అన్నారు, కూలి అంత తక్కువ ఉండటానికి అదే కారణం అని రాశారు ఆవిడ. మామ్మ తీరిగ్గా కూర్చోవడం నేనైతే చూడలేదు. వంట అయ్యాక, దీపం దగ్గర కళ్ళు చిట్లించుకుని అల్లేది.

ఆ పదీ వెనక్కి తెచ్చేశాను. తర్వాత ఏం చేశానంటే, ఒకరోజు అన్నీ కత్తిరించి, ఒకరోజు కాన్వాసులన్నీ అతికించి, ఒకరోజు మధ్య కుట్లన్నీ వేసి... అలా చేస్తే ఒక్కోటి గంటలోపే అవుతోంది. ఇప్పుడు 120కి తెలిసినవాళ్ళకే ఇస్తున్నాను. నెలకి ఎనిమిదో తొమ్మిదో పోతున్నాయి, అంతే, ఎక్కువేం లేదు. బేరమాడేవాళ్ళకి టైము రాసుకున్న చీటీ చూపిస్తాను. మీరు కూడా మొదలుపెట్టిన టైము, అయిన టైము రాసుకోండి, మొదటి పర్సుకే రాసుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో దీనికే చిల్లర కోసం జిప్పు ఎలా పెట్టాలో చూద్దాం. ఎక్కడైనా కుట్టు తేడా వస్తే ఫోటో పెట్టండి, చూసి చెప్తాను. ఉంటానండి మరి.