గమనించడమే తొలి సేవ

 

జాతీయ నేర నమోదుల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశమంతటా లక్ష జనాభాకు ఆత్మహత్యలు 12.4 కాగా, మన పుదుచ్చేరిలో 29.7. ఇది అన్ని వయస్సులవారి లెక్క. అయినను ఎదిగే బిడ్డలున్న ఇళ్లు దీనిని విని ఊరకుండరాదు.

వినయపిటకంలోని మహావగ్గంలో ఒక వృత్తాంతం ఉంది. ఉదరవ్యాధి సోకిన భిక్షువొకడు తన మలమూత్రాలలోనే పడి ఉన్నాడు. అతనివల్ల తమకు ఉపయోగం లేదని తోటివారు పట్టించుకోలేదు. భగవానుడు ఆనందునితో గదులన్నీ చూస్తూ అక్కడికి వచ్చాడు. ముందు చూశాడు, పిమ్మట బాధ ఏమని అడిగాడు. తాను నీళ్లు పోయగా ఆనందుడు కడిగాడు. ఇద్దరూ అతనిని ఎత్తి మంచంపై పడుకోబెట్టారు. బోధ చివరిది, అదీ రోగికి కాదు, ఉపేక్షించినవారికి.

మనం ఈ వరుసను తలక్రిందులు చేస్తున్నాము. బిడ్డ ముఖం చూడకముందే హితబోధ మొదలుపెడుతున్నాము.

కౌమారంలో కుంగుబాటు ఎల్లప్పుడూ కన్నీరుగా కనబడదు. చిరాకుగా, కోపంగా, తలనొప్పిగా, కడుపునొప్పిగా కూడా వస్తుంది. నిద్ర, ఆకలి మారుతాయి. ఇష్టమైన ఆట రుచించదు, స్నేహితులు దూరమవుతారు. రెండు వారాలకు మించి ఇట్లు సాగితే అది సోమరితనమని తీర్మానించక, వ్యాధి కావచ్చునని తలచాలి.

మనలో ఎన్నో కుటుంబాలకు ఈ పిల్లలే మొదటి తరం చదువరులు. బాబాసాహెబ్ చూపిన విద్యామార్గం మనకు ప్రాణసమానం. కాని తరతరాల ఆశలన్నీ పదహారేళ్ల భుజాలపై మోపడం న్యాయం కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన కొద్దిరోజులలోనే ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఏ మరణానికీ కారణం ఒక్కటే ఉండదు. అయినా మార్కులు తగ్గిన బిడ్డకు ఇంట విలువ తగ్గదని ముందే తెలియజేయడం మన చేతిలో ఉంది. ఉపయోగాన్ని బట్టి మనిషిని లెక్కించినవారినే కదా భగవానుడు మందలించినది!

అడగడానికి వెనుకాడకండి. చనిపోవాలనిపిస్తున్నదా అని మృదువుగా అడిగితే ఆ తలంపు కొత్తగా పుట్టదు. దాచుకున్న భారం దిగుతుంది. జవాబును ఖండించక వినండి. పూర్వజన్మ కర్మమన్న మాట మన ఇంట వినబడరాదు. దుఃఖానికి హేతువున్నది, నివారణ ఉన్నది అన్నదే మన ధమ్మం. మన ఊరి జిప్మర్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. టెలీ మానస్ 14416 రాత్రింబవళ్లు ఉచితంగా పలుకుతుంది. ప్రాణాపాయం తోచినప్పుడు బిడ్డను ఒంటరిగా విడువక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ధ్యానంలో శ్వాసను గమనించడం నేర్చుకున్నాము. ఆ ఎరుకలో కొంత భోజనవేళ ఎదుట కూర్చున్న బిడ్డపై నిలుపుదాం.

జై భీమ్.